కళాశాల నుండి డోర్నకల్లు దాకా

కాజీపేట నుండి విజయవాడకు రైలులో పోయేవారికి డోర్నకల్లు జంక్షను పరిచయమైన పేరే. కొత్తగూడెం వైపు చీలే దారి అక్కడిదే. బండి ఆగిన ఆ కాసేపట్లో కాఫీ వెదకుకొనేవారే గాని ఊరిలోకి పోయి చూచేవారు తక్కువ. పోయి చూచినవారికి ఒక వింత కట్టడం కనిపిస్తుంది. అది క్రైస్తవ దేవాలయం. అయితే ఆ బురుజులను చూస్తే మసీదు జ్ఞాపకం వస్తుంది. ఆ స్తంభాలను చూస్తే మన గుడిలోని మండపం జ్ఞాపకం వస్తుంది. ఇంగ్లండు పల్లెలలోని సూదిమొన శిఖరాన్ని తెచ్చి ఈ నేల మీద నిలబెట్టడం కట్టించిన ఆయనకు ఇష్టం లేకపోయినది. 1939 జనవరి 6వ తేదీన ఆ దేవాలయ ప్రతిష్ఠ జరిగినది.

కట్టించిన ఆయన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. తెలుగువారు కారు. తిరునల్వేలి సీమలో వెళ్లాళన్‌విళై అనే కుగ్రామంలో 1874 ఆగస్టు 17న జన్మించిన తమిళుడు. తండ్రి పల్లెటూరి పాదిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినారు గాని, పట్టా పుచ్చుకొనకుండానే బయటికి వచ్చినారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవినందిన మొదటి భారతీయుడు ఈ పట్టా లేని విద్యార్థియే! కళాశాల విద్యార్థులలో నాయకత్వాన్ని పెంపొందించడమెట్లా అని మన ఉపాధ్యాయులు చర్చించుకొన్నప్పుడెల్లా నాకు ఈయన జీవితం మనసులో మెదులుతుంది. పట్టా ఇవ్వలేనిది ఆయనకు దొరికినది ఎక్కడ?

ఆ రోజుల క్రైస్తవ కళాశాల సామాన్యమైన విద్యాలయం కాదు. విలియం మిల్లరుగారు 1862లో స్కాట్లండు నుండి వచ్చి 1907 దాకా దానికి ప్రాణంగా ఉన్నారు. అక్కడ చదివినవారిలో అత్యధికులు హిందువులు. ఎంతమంది మతం పుచ్చుకొన్నారనే లెక్కతో కళాశాలను కొలవరాదని మిల్లరుగారి పట్టుదల. ఆయన స్వదేశంలో దీనిని మెచ్చనివారు చాలామంది ఉండిరి. తరగతి గదిలో జరగని విద్య వసతి గృహంలో జరుగుతుందని ఆయన గ్రహించి విద్యార్థులకు వసతి గృహాలు కట్టించినారు. ఆ కళాశాల గాలి ఎటువంటిదో తెలుసుకొనడానికి ఒక్క ఉదాహరణ చాలు. సర్వేపల్లి రాధాకృష్ణగారు అక్కడ ఎం.ఏ. చదువుతూ, వేదాంతంలో నీతికి చోటు లేదన్న క్రైస్తవ విమర్శకులకు సమాధానంగానే తమ పరిశోధన వ్యాసం వ్రాసినారు. 1908లో అది అచ్చయినది. ఆయనకు పాఠం చెప్పిన ఆచార్యుడు హాగ్‌గారు క్రైస్తవ మతబోధకుడే. శిష్యుడు తమ మతానికి ఎదురు వ్రాసినందుకు కోపించని గురువులున్న చోట మాత్రమే నాయకులు పుడతారని నా నమ్మకం. అయితే ఇది పక్కదారి. అజరయ్యగారి వద్దకు వద్దాం.

ఆయన కళాశాల విడిచే నాటికి ప్రపంచంలో ఒక విద్యార్థి ఉద్యమం ఊపందుకొంటున్నది. 1886లో అమెరికాలోని మౌంట్ హెర్మన్ అనేచోట సుమారు 250 మంది విద్యార్థులు వేసవి శిబిరంలో కలిసినారు. శిబిరం ముగిసేనాటికి వారిలో నూరుగురు పరదేశాలకు పోయి సేవ చేస్తామని ముందుకు వచ్చినారు. ఆ పిలుపుకు మూలమైన విద్యార్థి రాబర్ట్ వైల్డర్ పుట్టినది మన కొల్హాపురంలో. ఆ నూరుగురిలో ఒకడైన జాన్ మాట్ తొమ్మిదేండ్ల తర్వాత, అంటే 1895లో, స్వీడన్ దేశంలోని వాడ్‌స్టీనా కోటలో ప్రపంచ విద్యార్థి క్రైస్తవ సమాఖ్యకు పునాది వేసినాడు. అక్కడినుండి బయలుదేరిన ప్రపంచయాత్రలో ఆయన భారతదేశానికి వచ్చి మన కళాశాలలు తిరిగినాడు. చాలాకాలానికి, 1946లో, ఆయనకు నోబెల్ శాంతి బహుమానం లభించినది.

అజరయ్యగారు అదే 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా పనిలో చేరినారు. అప్పటికి ఇరువదియొక్క ఏండ్లు. సుమారు పదునాలుగేండ్లు దక్షిణ దేశమంతా తిరిగి పాఠశాలలలో, కళాశాలలలో యువకులను కలుసుకొన్నారు. 1896లో షెర్వుడ్ ఎడ్డీ అనే అమెరికను యువకుడు వచ్చి ఈయనకు జతపడినాడు. యేల్ విశ్వవిద్యాలయ పట్టభద్రుడు, కలిగినవాడు. ఎడ్డీ తమిళం నేర్చుకొన్నాడు. ఇద్దరూ కలిసి ప్రయాణం చేసినారు, కలిసి ప్రార్థించినారు, వాదించుకొన్నారు. దొరకు, దేశీయుడికి మధ్య అంతటి సమస్నేహం ఆనాడు అరుదు. పదవులకన్న ముందు అజరయ్యగారికి దొరికినది ఈ స్నేహం.

1902లో ఇద్దరూ యాళ్పాణం వెళ్లినారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ చందాలతో, తమ మనుషులతో, తమ పెత్తనం కింద ఒక మతప్రచార సంఘాన్ని నడుపుకొంటున్నారు. అజరయ్యగారికి అది చెంపదెబ్బవలె తగిలినది. తిరునల్వేలిలో క్రైస్తవ సంఘం అప్పటికే నూరేండ్ల పాతది; వేలాది కుటుంబాలున్నవి; పాఠశాలలున్నవి. ఐనా దూరదేశపు దొరలు పంపే డబ్బుకే అది చేయి చాచుకొని ఉన్నది. తిరిగి వచ్చి ఊరుకొనలేదు. 1903 ఫిబ్రవరి 12న తిరునల్వేలి భారత మతప్రచార సంఘం ఏర్పడినది. డబ్బు దేశీయులది, మనుషులు దేశీయులు, నిర్వాహకులు దేశీయులు కావలెనన్నది దాని నియమం. ఆ సంఘం పని చేయడానికి ఎన్నుకొన్న ప్రాంతం నైజాం రాజ్యంలోని డోర్నకల్లు. తమిళ పల్లెలలోని బీదలు కూడబెట్టిన అణాలు ఆ విధంగా తెలుగు పల్లెలకు చేరినవి. రెండేండ్ల తర్వాత, 1905 క్రిస్‌మస్ పండుగనాడు, సేరంపూరులో అఖిల భారత స్థాయిలో జాతీయ మిషనరీ సంఘం పుట్టినది. దాని వెనుకనున్నవారు కూడా ఈ యువజన సంఘాలలో ఒకరినొకరు ఎరిగినవారే. వంగ విభజన వల్ల స్వదేశీ ఉద్యమం చెలరేగిన సంవత్సరం కూడా అదే. క్రైస్తవ యువకుడు ఆ గాలికి అతీతంగా ఉండినాడని అనుకొనడం పొరపాటు.

ఇక్కడ మన ఉపాధ్యాయ మిత్రులు గమనింపవలసిన సంగతి ఒకటున్నది. నాయకత్వమంటే వేదిక మీద ధారాళంగా మాట్లాడడమని మన కళాశాలలలో ఒక భ్రమ ఉన్నది. వక్తృత్వపు పోటీలో బహుమానం వచ్చినవాడికి కార్యదర్శి పదవి ఇస్తాము. చందా పుస్తకం మాత్రం గురువుగారి బల్లసొరుగులోనే ఉంటుంది! నేనెరిగిన ఒక విద్యార్థి సంఘంలో ఏడాది పొడుగునా అధ్యక్షుడుగా ఉన్న కుర్రవాడికి సంఘం వద్ద ఎన్ని రూపాయలున్నవో తెలియదు. అడిగితే చెప్పేవారూ లేరు. అజరయ్యగారి తరాన్ని పెంచినది ఉపన్యాసాలు కావు, లెక్కలు. తమ డబ్బు, తమ మనిషి, తమ తప్పు. తప్పు చేసే అధికారం చేతికి రానంతవరకు పేరుకు మాత్రమే నాయకత్వం.

1910 జూను నెలలో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. ప్రతినిధులు పన్నెండు వందల పైచిలుకు. వారిలో ఆసియా ఖండపువారు ఇరువదిమంది కూడా లేరు. అప్పటికి డోర్నకల్లులో పాదిరిగా పనిచేస్తున్న ముప్పది అయిదేండ్ల అజరయ్యగారు ఆ సభలో లేచి, దొరలకు, దేశీయ సేవకులకు మధ్యనున్న అగాధాన్ని గూర్చి మాట్లాడినారు. ఒకే సంఘంలో ఏండ్ల తరబడి పనిచేస్తూ, ఒకరి ఇంటికి మరొకరు పోని, ఒకరి బల్ల వద్ద మరొకరు కూర్చొనని స్థితిని దాచకుండా చెప్పినారు. మీ త్యాగాలను మా వారు తరతరాలు స్మరిస్తారు గాని, మాకు కావలసినది స్నేహితులు అని ముగించినారు. సభలో కొందరికి కోపం వచ్చినది. వచ్చినదంటే వింత లేదు. అయినా ఆ మహాసభ చరిత్ర చెప్పేవారు నేటికీ మొదట తలచుకొనేది ఆ ఉపన్యాసాన్నే.

ఆయన మాట్లాడినది ఎవరినో దూషించడానికి కాదు. ఎడ్డీతో తాననుభవించిన స్నేహం మామూలు విషయం కాకుండా అపురూపంగా ఎందుకున్నదన్నదే ఆయన ప్రశ్న.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్ దేవాలయంలో అజరయ్యగారికి బిషప్ అభిషేకం జరిగినది. నల్లవాడి చేతి కింద తెల్లవారు పనిచేస్తారా అని సందేహించినవారున్నారు. సందేహించినవారందరూ తెల్లవారే కారు. స్వజనంలో కులం తలచుకొని ముక్కు విరిచినవారూ ఉన్నారు. మద్రాసు బిషప్ వైట్‌హెడ్‌గారు పట్టుబట్టి నెగ్గించినారు. ఆ ఏడే భారత విద్యార్థి క్రైస్తవ ఉద్యమం కూడా రూపు దిద్దుకొన్నది.

డోర్నకల్లులో అజరయ్యగారు చేసినది కళాశాలలో నేర్చినదానిని పల్లెకు దించడం. ఆయన తెలుగు నేర్చుకొన్నారు. ఎడ్లబండి మీద, సైకిలు మీద ఊరూరా తిరిగినారు. ఆయన సంఘంలో చేరినవారిలో ఎక్కువమంది మాల, మాదిగ పల్లెలవారు. అక్షరం ఎరుగనివారు, భూమి లేనివారు. నాయకులు చదువుకొన్నవారి నుండే వస్తారని అనుకొన్నట్లయితే అక్కడ ఆయనకు పనే లేదు. బాప్తిస్మం పొందిన ప్రతివ్యక్తి చేతా తన తలపై చేయి పెట్టించి, నేను విన్నదానిని ఇతరులకు చెప్పకపోతే నాకు శ్రమ అని ప్రమాణం చేయించేవారు. నిన్న బాప్తిస్మం పొందిన కూలివాడు నేడు పొరుగువాడికి బోధకుడు! గ్రామోపాధ్యాయులను తయారు చేసే చోట భర్తతోపాటు భార్యకు కూడా చదువు చెప్పించినారు. ఒక పల్లెలో సంఘం నిలబడడానికి పంతులుగారొక్కరే చాలరని, పంతులమ్మ కూడా కావలెనని ఆయనకు తెలుసు. ఆయన ధర్మపత్ని అన్బు మరియమ్మాళ్‌గారు కూడా, దక్షిణ దేశపు క్రైస్తవ స్త్రీలలో కళాశాల మెట్లెక్కిన తొలితరంలోనివారే. ఆయన మరణించేనాటికి డోర్నకల్లు బిషప్ పరిధిలోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటినది.

ఆయనను విమర్శించినవారు లేకపోలేదు. 1930 దశాబ్దంలో మతాంతరీకరణ విషయమై గాంధీగారికీ ఆయనకూ తీవ్రమైన అభిప్రాయభేదం వచ్చినది. గాంధీగారికి ఈ సామూహిక మార్పిడి నచ్చలేదు. పల్లెలలో మనిషి తల ఎత్తుకొని నిలబడడం చూచిన అజరయ్యగారు దానిని వదులుకొనలేదు. ఎవరిది ఒప్పని తీర్చడం ఈ వ్యాసం పని కాదు. కాని ఇదే అజరయ్యగారు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని గట్టిగా వాదించినారన్న సంగతి చాలామందికి తెలియదు. అదే యువజన సంఘంలో పెరిగిన కె.టి. పాల్‌గారు 1930లో లండను రౌండ్ టేబుల్ సభకు వెళ్లి అదే మాట చెప్పినారు. తన వారి కోసం ఒక గది కట్టుకొని తలుపు వేసికొనే నాయకత్వం వేరు. తన వారిని తీసుకొని ఊరి నడుమకు వచ్చే నాయకత్వం వేరు. మిల్లరుగారి కళాశాలలో హిందువుల పక్కన కూర్చొని చదివినవారికి ఈ రెండవది అబ్బినదంటే ఆశ్చర్యం లేదు.

విద్యార్థినుల మాట చెప్పకపోతే ఈ కథ సగమే. త్రిచూరులో పుట్టి మద్రాసు క్వీన్ మేరీస్ కళాశాలలో చదివిన సారా చాకోగారు విద్యార్థి క్రైస్తవ ఉద్యమంలో పెరిగినవారు. లక్నోలోని ఇసబెల్లా థోబర్న్ కళాశాలకు ప్రిన్సిపాలు అయినారు. 1951లో ప్రపంచ సంఘాల సమాఖ్య అధ్యక్షులలో ఒకరుగా ఎన్నికైనారు; ఆ పదవి పొందిన మొదటి స్త్రీ ఆమెయే. 1954లో అకాలమరణం చెందినారు. అదే 1954లో భారత ఇవాంజలికల్ విద్యార్థుల సమాఖ్య పుట్టినది. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో జంతుశాస్త్రం బోధించిన ఈనోక్‌గారు దానికి తొలినాళ్ల పెద్దదిక్కు. పాత ఉద్యమం సమాజ ప్రశ్నల వైపు, కొత్తది బైబిలు పఠనం వైపు మొగ్గినవని చెప్పవచ్చును. రెండింటికీ మధ్య కొంత గోడ కూడా లేచినది. ఆ గోడ వల్ల విద్యార్థులు నష్టపోయినారనే నా అభిప్రాయం.

1919 మే నెలలో తరంగంబాడి సముద్రతీరాన ముప్పదిమూడుగురు సంఘసేవకులు సమావేశమైనారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులు. ఇద్దరిలో ఒకరు ఎడ్డీ. పశ్చిమ దేశాలలో పుట్టిన తగాదాల పేరుతో మా సంఘాలు విడివిడిగా ఎందుకుండవలెను అని వారు ప్రశ్నించుకొన్నారు. ఆ సమావేశానికి ముందు నడచినవారిలో అజరయ్యగారు ఒకరు. ప్రశ్న చిన్నది; జవాబుకు ఇరువది ఎనిమిదేండ్లు పట్టినది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ దేవాలయంలో దక్షిణ ఇండియా సంఘం అవతరించినది. అజరయ్యగారు ఆ దినం చూడలేదు. 1945 జనవరి 1న ఆయన డోర్నకల్లులో కన్నుమూసినారు.