చర్య ఒకటే... వేగమే వేరు

పప్పు ఉడకాలన్నా, పొలానికి ఎరువు అందాలన్నా, రసాయన ట్యాంకు పక్కన ఊరు క్షేమంగా ఉండాలన్నా తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: చర్య ఎంత వేగంగా జరుగుతోంది? జవాబు పిల్లల సైన్సు పుస్తకాల్లోనే ఉంది. దాన్ని మరిచిన చోట ప్రాణాలు పోతున్నాయి.

2020 మే 7. తెల్లవారుజామున విశాఖపట్నం శివారులోని ఆర్.ఆర్.వెంకటాపురం జనం నిద్రలోనే ఉక్కిరిబిక్కిరయ్యారు. పక్కనున్న ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలోని ఎం-6 ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద కమ్ముకుంది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు.

ఆ రాత్రి ట్యాంకుకు నిప్పు తగల్లేదు. లాక్‌డౌన్ వల్ల ఉత్పత్తే ఆగిపోయి ఉంది. కానీ స్టైరీన్ ఊరికే ఉండే ద్రవం కాదు. దాని అణువులు ఒకదానికొకటి అతుక్కుంటూ పాలిస్టైరీన్‌గా మారుతుంటాయి. చల్లగా ఉన్నంతకాలం అది నత్తనడకే. అతుక్కున్న ప్రతిసారీ కాస్త వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోకపోతే చర్య వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే ఇంకా వేడి పుడుతుంది. స్టైరీన్ 145 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఆ రోజు ట్యాంకులో ఉష్ణోగ్రత 150 డిగ్రీలు దాటింది.

పది డిగ్రీలు చాలు

చర్య జరగాలంటే అణువులు ఢీకొనాలి. అలా ఢీకొన్నవన్నీ మారిపోవు. పాత బంధాలు తెంచగల శక్తి ఉన్నవే మారతాయి. ఆ కనీస శక్తి పేరే ఉత్తేజన శక్తి. ఉష్ణోగ్రతకూ చర్యా వేగానికీ ఉన్న లెక్కను 1889లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అరీనియస్ ఈ కోణంలోనే వివరించాడు.

గది ఉష్ణోగ్రతను పది డిగ్రీలు పెంచితే అణువుల సగటు శక్తి పెరిగేది మూడు శాతం చిల్లర. కానీ ఉత్తేజన శక్తి గీత దాటే అణువులు చాలా చర్యల్లో దాదాపు రెట్టింపవుతాయి. మామూలు గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర ఆగిపోతే, ప్రెషర్ కుక్కర్లో దాదాపు 120కి చేరతాయి. గంట పట్టే పప్పు నాలుగు విజిల్స్‌కే ఉడకడానికి కారణం ఆ ఇరవై డిగ్రీలే. వేసవిలో తెల్లారేసరికి పొంగిపోయే ఇడ్లీ పిండి డిసెంబరు చలిలో కదలకపోవడమూ ఇందుకే.

ఒత్తిడి, ఉత్ప్రేరకం

వేడి పెంచితే పని అయిపోతుందా? రామగుండం ఎరువుల కర్మాగారంలో యూరియాకు మూలం అమ్మోనియా. నత్రజని, హైడ్రోజన్ కలిస్తే అది తయారవుతుంది. నత్రజని అణువులోని మూడు బంధాలు అంత తేలిగ్గా తెగవు. బాగా వేడి చేస్తే వేగం పెరుగుతుంది కానీ, తయారైన అమ్మోనియా మళ్లీ విడిపోతుంది, దిగుబడి పడిపోతుంది.

జర్మనీలో ఫ్రిట్జ్ హేబర్ 1909లో ఈ చిక్కుముడి విప్పి చూపాడు. కార్ల్ బాష్ దాన్ని 1913లో ఓపౌ కర్మాగారానికి చేర్చాడు. వాయువులను వాతావరణ పీడనానికి వందల రెట్లు నొక్కితే అణువులు కిక్కిరిసి ఎక్కువసార్లు ఢీకొంటాయి. ద్రావణంలో గాఢత పెంచినా జరిగేది ఇదే. ఇక ఇనుప ఉత్ప్రేరకం తన ఉపరితలం మీద నత్రజని బంధాలను సడలించి, తక్కువ శక్తితో పని జరిగే దారి చూపిస్తుంది. తాను మాత్రం ఖర్చు కాదు. దాంతో 400-500 డిగ్రీల దగ్గరే సరిపడా వేగం దొరికింది. మన శరీరంలో ఇదే పని ఎంజైములు 37 డిగ్రీల దగ్గర చేస్తున్నాయి.

పొడి అయితే పేలుడే

ఘన పదార్థంలో చర్య జరిగేది పైపొర మీదే. ఒక సెంటీమీటరు ఘనం ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే మిల్లీమీటరులో పదో వంతు ముక్కలుగా కోస్తే మొత్తం ఉపరితలం 600 అవుతుంది. దుంగ నిదానంగా కాలుతుంది, గాలిలో లేచిన రంపపు పొట్టు భగ్గుమంటుంది.

2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియాలో ఇంపీరియల్ షుగర్ కర్మాగారం పేలి 14 మంది మరణించారు. పేలింది మనం టీలో వేసుకునే పంచదార తాలూకు ధూళే. పొడులతో పనిచేసే చోట నేల మీద, దూలాల మీద పేరుకున్న ధూళిని ఎప్పటికప్పుడు తీసేయడం శుభ్రత కోసమే కాదు, ప్రాణరక్షణ కోసం కూడా.

పగ్గం వదిలితే...

వేగం పెంచేవే కాదు, తగ్గించేవీ ఉన్నాయి. స్టైరీన్‌లో టీబీసీ అనే నిరోధకం కలుపుతారు. అది అణువుల గొలుసు పెరగకుండా అడ్డుకుంటుంది. అయితే క్రమంగా ఖర్చయిపోతుంది, పనిచేయాలంటే ద్రవంలో కాస్త ఆక్సిజన్ కరిగి ఉండాలి. ఒకసారి కలిపేసి చేతులు దులుపుకుంటే కుదరదు.

రాష్ట్ర ప్రభుత్వం నియమించిన హైపవర్ కమిటీ విశాఖలో సరిగ్గా ఈ లోపాలనే ఎత్తి చూపింది. నిరోధకం చాలినంత లేదు. శీతలీకరణ రోజంతా నడవలేదు. ఉష్ణోగ్రత చూపే పరికరం ట్యాంకు అడుగున మాత్రమే ఉంది, వేడెక్కిన ద్రవమేమో పైకి చేరింది. కింద అంకె బాగానే కనిపిస్తుండగా పైన ప్రమాదం పెరిగిపోయింది.

వీటిలో ఏ ఒక్కటీ కొత్త శాస్త్రం కాదు. ఉష్ణోగ్రత, గాఢత, పీడనం, ఉపరితలం, ఉత్ప్రేరకం, నిరోధకం... పరీక్షలో మార్కుల కోసం బట్టీ పట్టే జాబితానే. అది కంట్రోల్ రూమ్ దాకా వెళ్లకపోవడమే మన సమస్య.

ప్రమాదకర రసాయనాలపై 1989లో కేంద్రం తెచ్చిన నియమాల ప్రకారం, పెద్ద ప్రమాదం జరిగితే దెబ్బతినే అవకాశమున్న చుట్టుపక్కల ప్రజలకు ఆ ముప్పు ఏమిటో, ఆ సమయంలో ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలియజేయాల్సిన బాధ్యత యాజమాన్యానిదే. మీ ఊరి పక్కన అలాంటి కర్మాగారం ఉంటే ఈ సమాచారం మీకు అందిందా? అందకపోతే గ్రామసభలో అడగండి. అది మీ హక్కు.