ఒక్క మెషిన్... వంద శాంపిళ్లు!

మా సెంటర్‌కి శాంపిల్ తెచ్చేవాళ్లు ముందు కౌంటరు దగ్గర ఆగి ఫారం నింపాలి. అక్కడ దారం కట్టిన పెన్ను ఒకటుంటుంది. దాని పక్కనే దారం కట్టిన చిన్న అయస్కాంతం కూడా ఉంటుంది. పెన్ను ఎందుకో చెప్పక్కర్లేదు. అయస్కాంతం ఎందుకని మాత్రం కొత్తగా వచ్చినవాళ్లంతా అడుగుతారు.

నేనొక యూనివర్సిటీ ఇన్‌స్ట్రుమెంట్ సెంటర్‌లో టెక్నికల్ ఆఫీసర్‌ని. పద్దెనిమిదేళ్లయింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, ఎన్‌ఎంఆర్, హెచ్‌పీఎల్‌సీ లాంటివి మా దగ్గరున్నాయి. కొన్ని లక్షల్లో, కొన్ని కోట్లలో ఉంటాయి. వీటిని ఏ ఒక్క ప్రొఫెసరూ తన ల్యాబ్ కోసం కొనుక్కోలేడు. అందుకే అందరికీ కలిపి ఒక్కొక్కటి కొన్నారు. కొనడం ఒక్కరోజు పండగ. రిబ్బన్ కత్తిరించి, ఫొటోలు దిగి, స్వీట్లు తిని వెళ్లిపోతారు. మర్నాటి నుంచి మొదలయ్యేదే అసలు సంగతి... దాన్ని ఎవరు ముట్టుకోవాలి, ఎవరు ముందు, ఎవరు వెనక, పాడైతే ఎవరిది బాధ్యత?

అయస్కాంతం కథ చెప్తాను. కొన్నేళ్ల కిందట వేరే జిల్లా నుంచి ఒక రీసెర్చ్ స్కాలర్ రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగాడు. చేతిలో చిన్న ప్లాస్టిక్ ట్యూబు, అందులో నల్లటి పొడి. ఫారంలో ‘నానో పౌడర్’ అని రాశాడు. ‘అయస్కాంత గుణం ఉందా?’ అన్నచోట ‘లేదు’ అని టిక్ పెట్టాడు. రంగు చూస్తే నాకు అనుమానం వచ్చింది. డ్రాయర్లోంచి అయస్కాంతం తీసి ట్యూబుకి ఆనించాను. అడుగున ఉన్న పొడంతా లేచి గోడకి అతుక్కుంది.

“ఏంటి బాబూ ఇది?” అన్నాను.

“ఐరన్ ఆక్సైడ్ సార్. నిజం రాస్తే తీసుకోరు, రాయొద్దని మా సీనియర్లు చెప్పారు సార్” అన్నాడు, నేల చూపులు చూస్తూ.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో గాజు కటకాలుండవు. ఎలక్ట్రాన్లని ఒక బిందువు మీదకి కూర్చేది అయస్కాంత క్షేత్రమే. అలాంటిచోట ఇనుము కలిసిన పొడి సరిగ్గా అతకకుండా పెడితే ఎగిరి లెన్సు అంచుకి పట్టుకుంటుంది. ఆ తర్వాత ఎవరు ఏ శాంపిల్ పెట్టినా బొమ్మ సాగిపోయి, పక్కకి ఒరిగి వస్తుంది. కంపెనీ ఇంజినీరు రావాలి, విప్పాలి, తుడవాలి. అన్నాళ్లూ అందరి పనీ ఆగాల్సిందే. ఒక చిటికెడు పొడికి ఇంత కథ!

అయితే ఆ కుర్రాడన్న మాటలో తప్పు లేదు. అప్పటిదాకా అయస్కాంత పదార్థాలంటే మా దగ్గర ‘నో’ అనే బోర్డే ఉండేది. అలాంటి రూలు అబద్ధాన్ని ఆపదు, నేర్పుతుంది. ఐరన్ ఆక్సైడ్ మీద పనిచేసేవాడు మైక్రోస్కోపు చూడకుండా థీసిస్ ఎలా రాస్తాడు? కమిటీలో కూర్చుని ఆ బోర్డు తీయించాం. ఇప్పుడు నెలలో రెండు రోజులు అలాంటి శాంపిళ్లకే. చాలా కొద్దిగా తీసుకుని, కార్బన్ టేపు మీద గట్టిగా అద్ది, వదులుగా ఉన్నది గాలితో ఊది, లెన్సుకి వీలైనంత దూరంగా పెట్టి చూస్తాం. బొమ్మ కొంచెం తక్కువ స్పష్టంగా వస్తుంది, కానీ పని జరుగుతుంది. ఫారంలో అబద్ధాలు దాదాపు మాయమయ్యాయి. అయినా అయస్కాంతం మాత్రం కౌంటరు మీదే ఉంది, వాళ్లే ఆనించి చూసుకుంటారు.

ఇక ఎన్‌ఎంఆర్ సంగతి. రసాయనశాస్త్రం వాళ్లకి ఇది కళ్లజోడు లాంటిది. ఏ అణువు తయారైందో, ఎలా కట్టుకుని ఉందో ఇదే చెబుతుంది. దీని అయస్కాంతాన్ని ఆపడానికి స్విచ్ లేదు. పగలూ రాత్రీ, సెలవురోజూ పండగరోజూ ఆన్‌లోనే ఉంటుంది. లోపలి తీగచుట్ట మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగి ఉంటుంది. చుట్టూ మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్. హీలియం మట్టం తగ్గిపోతే తీగ వేడెక్కి, ఉన్న హీలియమంతా ఒక్కసారి ఆవిరైపోతుంది. ద్రవం వాయువైతే సుమారు 700 రెట్లు పెరుగుతుంది. గదిలో ఊపిరాడదు. అందుకే ఆ గదిలోకి ఇనుప కుర్చీ, తాళంచెవులు, ఏటీఎం కార్డు ఏవీ రానివ్వం. గుండెకి పేస్‌మేకర్ ఉన్నవాళ్లు గుమ్మం దాకా కూడా రాకూడదు.

ఇక్కడో చిన్న ముచ్చట. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మన గుంటూరుకే వచ్చాడు. హీలియం కథ ఆ గ్రహణంతోనే మొదలు. నేడు మనదేశం వాడుకునే హీలియం దాదాపు అంతా దిగుమతే. సిలిండర్ కోసం ఎదురుచూసే ప్రతిసారీ నాకు గుంటూరు గుర్తొస్తుంది.

ఎన్‌ఎంఆర్ దగ్గర తగవంతా టైము మీదే. హైడ్రోజన్ స్పెక్ట్రం అయితే ట్యూబు పెట్టి, సర్ది, తీసేసరికి పది నిమిషాలు. కార్బన్ అలా కాదు. వంద కార్బన్ పరమాణువుల్లో ఇంచుమించు ఒక్కటే ఈ యంత్రానికి కనిపించే రకం. శాంపిల్ తక్కువుంటే గంటల తరబడి, ఒక్కోసారి రాత్రంతా సిగ్నల్ పోగెయ్యాలి. ‘ముందొచ్చినవాళ్లకి ముందు’ అనేది పైకి ఎంతో న్యాయంగా కనిపిస్తుంది. లెక్క చూడండి. అయిదు గంటల పని ఉన్నవాడు ముందొచ్చి కూర్చున్నాడు, వెనక పది నిమిషాల వాళ్లు పదిమంది. ఒక్కొక్కరు కనీసం అయిదు గంటలు ఆగితే మొత్తం యాభై గంటలు గాల్లో కలిసినట్టే. అదే వాణ్ని చివర్లో పెడితే అతను ఆగేది గంటా నలభై నిమిషాలు. అలాగని చిన్న పనులనే ముందు తోస్తూపోతే పెద్ద పని ఉన్నవాడి వంతు ఎప్పటికీ రాదు. అందుకని పగలంతా పదిహేను నిమిషాల స్లాట్లు, సాయంత్రం ఏడు దాటాక పెద్ద పనులు. ట్యూబులు వరసగా పెట్టి, ప్రోగ్రాం ఇచ్చి నేను ఇంటికి వెళ్లిపోతాను. యంత్రం తెల్లారేదాకా తన పని తను చేసుకుపోతుంది.

స్లాట్ బుక్ చేసి రానివాళ్లు ఇంకో తలనొప్పి. ఉచితంగా ఉన్నన్నాళ్లూ ‘ఎందుకైనా మంచిద’ని ఒక్కొక్కరు నాలుగేసి స్లాట్లు పట్టేవాళ్లు. శాంపిల్‌కి యాభై రూపాయలు పెట్టి, ముందురోజు చెప్పకుండా మానేస్తే తర్వాతి వారం స్లాట్ లేదన్నాం. బుకింగులు తగ్గాయి, పని పెరిగింది! యాభై రూపాయలు ఎవరికీ భారం కాదు, కానీ ఉచితం కాదన్న స్పృహ వచ్చింది.

అన్నిటికన్నా కష్టమైన మాట మాత్రం ఇది: “సార్, ఒక్క శాంపిలే!” కారిడార్లో ఎదురై, భుజం మీద చెయ్యేసి, ‘మనవాడే’ అని చెప్పి, పెద్దవాళ్ల ఫోనుతో... ఎన్ని రకాలుగా వస్తుందో! నష్టపోయేది ఎవరో మాత్రం ఎవరూ చూడరు. జేఆర్‌ఎఫ్ స్కాలర్‌కి ఫెలోషిప్ మొత్తం అయిదేళ్లు. అందులో కోర్సువర్కు కొంత తింటుంది, కెమికల్స్ రావడం కొంత తింటుంది. గైడ్‌కి పలుకుబడి లేనివాడు, చిన్న ఊరి కాలేజీ నుంచి వచ్చినవాడు ఒక్క స్లాట్ పోగొట్టుకుంటే మళ్లీ నెల. అలాంటివి ఆరు పోతే ఏడాదిలో సగం పోయినట్టే. ఒకమ్మాయి పెళ్లి ముహూర్తం, థీసిస్ గడువు ఒకే నెలలో పెట్టుకుని నా బల్ల ముందు ఏడ్చింది. ఆమె వంతులో వేరేవాళ్ల శాంపిల్ దూర్చమని ఆ రోజు నాకొక ఫోను వచ్చింది. కుదరదన్నాను. ఆ ఫోను చేసినాయన రెండేళ్లు నాతో మాట్లాడలేదు.

మా ఊళ్లో చెరువుకి నీరటి ఉండేవాడు. తూము తియ్యడం, మళ్లకి వంతులవారీగా నీళ్లు వదలడం అతని పని. పంటలో అతనికి గింజలు కొలిచి ఇచ్చేవారు. ఆ చెరువు కింద అతనికి సొంత మడి మాత్రం ఉండేది కాదు. చిన్నప్పుడు అది పేదరికం అనుకున్నాను. ఈ ఉద్యోగంలోకి వచ్చాక అందులో ఏర్పాటు కనిపించింది. తూము తీసేవాడికే మడి ఉంటే ముందు ఏ మడి తడుస్తుందో వేరే చెప్పాలా? యంత్రం తాళంచెవి కూడా, క్యూలో తన శాంపిల్ లేనివాడి దగ్గరే ఉండాలన్నది నా పట్టు.

దీనికి రెండోవైపు లేకపోలేదు. ప్రొఫెసర్లు యంత్రాన్ని తమ ల్యాబ్‌లో పెట్టి తాళం వేసుకుంటే అందరూ తిడతారు. ఆయన ప్రాజెక్టు రాసుకుని, ఢిల్లీ చుట్టూ తిరిగి, మూడేళ్లకి తెచ్చుకుంటారు. పక్క డిపార్టుమెంటు నుంచి వచ్చినవాడు హెచ్‌పీఎల్‌సీలో ఉప్పు బఫరు నడిపి, నీళ్లతో కడక్కుండా వెళ్లిపోతాడు. లోపల ఉప్పు గడ్డకట్టి వేల రూపాయల కాలమ్ మూసుకుపోతుంది. ఒకసారి అలా జరిగితే ఎవరైనా తాళమే వేస్తారు. నాకు ఆయన బాధ అర్థమవుతుంది. తాళంతో మాత్రం ఏకీభవించను. ఎందుకంటే వాడని యంత్రం కూడా పాడవుతుంది. వాక్యూమ్ పంపులో నూనె చెడుతుంది, వానాకాలం చెమ్మకి లెన్సుల మీద బూజు పడుతుంది, యూపీఎస్‌లో బల్లి దూరుతుంది. వారంటీ ముగిసేనాటికి కొత్తగానే ఉండి, ఒక్క పేపర్ కూడా ఇవ్వకుండా చచ్చిపోయిన మెషిన్లు నేను చూశాను.

దీనికి మేం పాటించేది డ్రైవింగ్ లైసెన్సు పద్ధతి. మూడుసార్లు పక్కన కూర్చుని చూడాలి, మూడుసార్లు నా ఎదురుగా చెయ్యాలి, ఆ తర్వాతే ఒంటరిగా. ప్రతి ఒక్కరూ లాగ్‌బుక్‌లో వచ్చేసరికి యంత్రం ఎలా ఉందో, వెళ్లేటప్పుడు ఎలా ఉందో రాయాలి. ఇంకొక రూలు గొడవపడి పెట్టించాను. ట్యూబు విరిగినా, ఏం జరిగినా వెంటనే చెప్తే జరిమానా లేదు. దాచిపెట్టి దొరికితే మూడు నెలలు లోపలికి రానివ్వం. “పాడుచేసినవాణ్ని వదిలేస్తారా?” అని కమిటీలో ఒకాయన లేచారు. ఎన్‌ఎంఆర్ లోపల విరిగిన గాజుముక్క ఉందని తెలియక ఇంకో ట్యూబు పైనుంచి వదిలితే ఏమవుతుందో చెప్పాను. కూర్చున్నారు. ఆ తర్వాత నెలలోనే ఒకబ్బాయి రాత్రి పదకొండింటికి ఫోను చేశాడు. “సార్, ట్యూబు లోపలే విరిగింది. నేనేం ముట్టుకోలేదు సార్” అని. పొద్దున్నే ప్రోబ్ దింపి శుభ్రం చేసుకున్నాం. మధ్యాహ్నానికల్లా పని మొదలైంది.

దేశంలో ఈ పంచుకోవడం కొత్తేం కాదు. 1970లలోనే కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం ఐఐటీ మద్రాసు, ఐఐటీ బొంబాయి లాంటిచోట్ల అందరికీ ఉపయోగపడే ఇన్‌స్ట్రుమెంట్ సెంటర్లు పెట్టింది. నేటి సైఫ్ కేంద్రాలు అవే. 2020 జనవరిలో ఐ-స్టెమ్ పోర్టల్ వచ్చింది. ఏ యంత్రం ఏ ఊళ్లో ఉందో వెతికి, స్లాట్ అడగొచ్చు. చిన్న కాలేజీల పిల్లలకి ఇది నిజంగా మేలు. తమ జిల్లా పక్కనే ఉన్న యంత్రం సంగతి తెలియక దూరాలు తిరిగేవాళ్లు ఇంకా వస్తూనే ఉన్నారు. మీ ఇంట్లో సైన్సులో పీహెచ్‌డీ చేసేవాళ్లుంటే ముందు అది చూడమనండి. శాంపిల్ పూర్తిగా ఆరబెట్టి తెమ్మనండి. తడి శాంపిల్‌ని మైక్రోస్కోపు వాక్యూమ్‌లో పెట్టలేం, వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్లాలి.

పోర్టల్ కూడా తీర్చలేని చిక్కు ఒకటుంది, మెయింటెనెన్స్. కొనడానికి గ్రాంటు దొరుకుతుంది, బాగుచెయ్యడానికి దొరకదు. స్కాలర్లు కట్టిన యాభైలూ వందలూ చాలాచోట్ల జనరల్ ఖాతాలోకి వెళ్లిపోతాయి. పంపు సీలు కొనాలంటే ఫైలు నాలుగు బల్లలు తిరగాలి. ఆ డబ్బు ఆ యంత్రానికే ఖర్చుపెట్టేలా విడిగా ఖాతా ఉండాలి. మా దగ్గర ఇది సాధించడానికి ఆరేళ్లు పట్టింది. ఆరేళ్లలో నా జుట్టు సగం తెల్లబడింది.

ఈ గురువారం హీలియం నింపుతున్నాం. శుక్రవారం సాయంత్రం దాకా ఎన్‌ఎంఆర్ మూత అని నోటీసు అంటించాను, గ్రూపులోనూ పెట్టాను. ఇది రాస్తుండగానే నాలుగు ఫోన్లు వచ్చాయి. మూడింటికి శనివారం వంతు ఇచ్చాను. నాలుగో ఆయన మాత్రం, “హీలియం పోసేది పైనుంచే కదండీ, కింద ఒక్క శాంపిల్ పెట్టుకోకూడదా?” అంటున్నారు.