గోండీ నామవాచకములు - అనువాదకుని బాధ్యత

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగమందున్న బస్తరు తెలుగువారికి పరాయిసీమ కాదు. ఇంద్రావతి, శబరి నదులు ఆ సీమను తడిపి వచ్చి మన గోదావరిలో కలుస్తున్నవి. కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు అచ్చట రాజ్యము స్థాపించెనని సంప్రదాయము. కాని భాషాబాంధవ్యము ఈ రాజుల కథలకంటె ఎంతో ప్రాచీనమైనది. మురియా, మరియా, దొర్లా జనులు మాట్లాడే గోండీ భాషాభేదములు, మన తెలుగు ఒకే ద్రావిడ కుటుంబమునకు చెందినవి. 2011 జనగణనలో గోండీని మాతృభాషగా చెప్పుకున్నవారు దేశమంతటా దాదాపు 30 లక్షలు.

ఈ బాంధవ్యమునకు ఒక్క మాటను సాక్ష్యముగా చూపవచ్చును. గోండీలో "నార్" అనగా ఊరు. పాల్నార్, కూకానార్, ఛింద్‌నార్ వంటి గ్రామనామములలో ఈ మాట కనబడుతున్నది. ఇది మన "నాడు" శబ్దమునకు సోదరశబ్దము. "ఊరిలో" అని చెప్పవలసినప్పుడు గోండులు "నాటె" అంటారు. "ఏరు" శబ్దము "ఏట" అయినట్లే "నార్" శబ్దము "నాటె" అయినది. విభక్తి చేరునప్పుడు ప్రాతిపదిక మారే మన ఔపవిభక్తిక పద్ధతి అచ్చట కూడ సజీవముగా ఉన్నదన్నమాట. ఉచ్చారణ మాత్రము ప్రాంతమునుబట్టి మారుతుంది.

అయితే పోలికకంటె భేదమే అనువాదకునికి ముఖ్యము. ఆ భేదము లింగవ్యవస్థలో ఉన్నది.

మన భాషలో స్త్రీవాచకముల నడక విచిత్రమైనది. ఏకవచనమున స్త్రీ అమహత్తులతో చేరుతుంది. "అమ్మ వచ్చినది" అన్నా "ఆవు వచ్చినది" అన్నా క్రియారూపము ఒక్కటే. బహువచనమున స్త్రీలు మహత్తులతో చేరుతారు. "అమ్మలు వచ్చిరి", "ఆవులు వచ్చినవి" అంటాము. స్త్రీవాచకముల బహువచనము మహద్వాచకములతో సమానమని చిన్నయసూరి బాలవ్యాకరణమున సూత్రీకరించినాడు.

గోండీలో ఈ రెండవ మెట్టు లేదు. పురుషుడు "ఓర్", స్త్రీ, పశువు, చెట్టు, కొండ అన్నియు "అద్". "వాతా" అనగా ఆమె వచ్చినది, అది వచ్చినది అని రెండర్థములు. ఇంతవరకు మనకు పరిచితమే. కాని బహువచనమున సైతము స్త్రీలకును చెట్లకును "అవ్" అనే మాటే వాడుతారు. సంఖ్యావాచకములలో ఈ విభజన మరింత స్పష్టము. ఇద్దరు పురుషులైతే "ఇరువుర్", ముగ్గురైతే "మువుర్". మన ఇరువురు, మువ్వురు ఇవియే. ఇద్దరు స్త్రీలను లెక్కింపవలసివస్తే వస్తువులకు వాడే "రండ్" అనే మాటే వాడుతారు.

బస్తరులోనే ధుర్వాలు మాట్లాడే పర్జీ భాష మరొక దారి తొక్కినది. సర్వనామములలో అది గోండీవలెనే నడచినను, సంఖ్యలలో పురుషులకు, స్త్రీలకు, వస్తువులకు వేర్వేరు రూపములు కల్పించుకున్నది. బరో, భట్టాచార్యులు 1953లో ప్రకటించిన పర్జీ వ్యాకరణము ఈ భాషను పండితలోకమునకు పరిచయము చేసినది.

ఈ పద్ధతులలో మూలద్రావిడమునకు చెందినది ఏది అను విషయమున పండితులు ఏకాభిప్రాయులు కారు. గోండీ పద్ధతియే మూలమని కొందరి మతము. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 2003లో వెలువడిన తమ ద్రావిడ భాషల గ్రంథమున ఈ పద్ధతినే ప్రాచీనమని నిర్ణయించినారు. ఎవరి మాట నిలిచినను ఒకటి స్పష్టము: వ్యాకరణలింగమును చూచి ఒక జాతి స్త్రీకి ఇచ్చే గౌరవమును కొలువరాదు. తాజిక్ భాషలో పురుషునికి, స్త్రీకి "ఊ" అనే సర్వనామము ఒక్కటే. అంతమాత్రమున ఆ సమాజమున స్త్రీపురుషులు సమానులని నిర్ణయింపగలమా? గోండు స్త్రీ "అద్" అయినంతమాత్రమున హీన అని తీర్పు చెప్పే తెలుగువాడు, తన తల్లి "వచ్చినది" అని తానే అంటున్న సంగతి మరువరాదు.

ఇక అనువాదమునకు వత్తము. ఒక గోండీ పాటలో "అవ్" అని ఉన్నదనుకొందము. అవి పిట్టలు కావచ్చును, పడుచులు కావచ్చును, ఒక్కసారే రెండును కావచ్చును. తెలుగు ఈ సందిగ్ధతను భరింపలేదు. "వారు" అనియో "అవి" అనియో తేల్చి చెప్పవలసినదే. ఎట్లు తేల్చినను మూలములోని సగము జారిపోతుంది. అట్టి చోట సర్వనామమును వదలి క్రియాజన్య విశేషణముతోనో, నామమును మరల చెప్పుటతోనో నెట్టుకు రావడము మేలు. ఏకవచనమున మాత్రము మన "వచ్చినది" ఆ సందిగ్ధతను చక్కగా మోయగలదు. "ఆమె" అని తొందరపడి చేర్చి ఆ భాగ్యమును పోగొట్టుకొనరాదు.

హిందీద్వారా అనువదించువారికి ప్రమాదము ఇంకను పెద్దది. హిందీలో నది స్త్రీలింగము, పహాడ్ పుంలింగము. గోండీలో కొండ, నది, కన్య ఒకే కోవకు చెందినవి. హిందీ పాఠము కొండను పురుషుని చేసి నదిని అతని ప్రేయసిగా చూపితే, అది గోండు కవి కల్పన అని మనము మురిసిపోతాము. అది కవి కల్పన కాదు, నడుమ వచ్చిన భాషయొక్క వ్యాకరణము.

సోదరభాషనుండి నేరుగా తెచ్చుకొనగల సౌలభ్యము తెలుగువానికి ఉన్నది. హిందీ పాఠము చేతనున్నను, మూలము చదివి వినిపించే గోండును పక్కన కూర్చుండబెట్టుకొని, ప్రతి "అవ్" దగ్గరను ఆగి, ఎవరని అడుగుట మన కనీస ధర్మము.