తిమ్మిర్లు కూర్చున్నందుకేనా?

పోచంపాడ్, బోధన్ వైపు ఊళ్లలో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు చాలామందే. కాళ్లు తిమ్మిరెక్కితే ‘పొద్దంతా కూసుంటే ఎక్కవా మరి?’ అని నవ్వేస్తారు. లేచి నాలుగడుగులు వేస్తే పోయే తిమ్మిరైతే సరే. నడిచినా పోకుండా అరికాళ్ల మంటలు, సూదులు గుచ్చినట్టు పోట్లు ఉంటే మాత్రం బి12 విటమిన్ రక్తపరీక్ష గురించి డాక్టరుగారిని అడగండి.

‘రక్తం తక్కువ’ అని ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకునేవాళ్లు మరీ ముఖ్యంగా. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం 1945లో అమెరికాలో తయారుచేసిందే ఈ ఫోలిక్ యాసిడ్. దాని మేలు ఇంతా అంతా కాదు. అయితే బి12 లోపం ఉన్నవాళ్లలో అది రక్తాన్ని బాగుచేసి, నరాలు దెబ్బతినడాన్ని మాత్రం ఆపలేదు. హిమోగ్లోబిన్ రిపోర్టు చూసి మురిసిపోతాం, కాళ్లేమో మొద్దుబారుతూనే ఉంటాయి. అలాగని గర్భిణులు ఆ మాత్రలు మానేయకూడదు సుమా!

పరీక్షకు మోచేతి దగ్గర కాస్త రక్తం తీస్తారు. బి12 సూదిమందో, మాత్రలో మొదలెట్టకముందే ఇవ్వాలి. తర్వాత ఇస్తే అంకె పెరిగి కనిపిస్తుంది. మిల్లీలీటరుకు 200 పికోగ్రాములకు తగ్గితే సాధారణంగా లోపం కిందే లెక్క. 200, 300 మధ్య ఉంటే అంకెనొక్కదాన్నే నమ్మలేం, లక్షణాలూ చూడాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

మాంసం, చేప, గుడ్డు ముట్టనివాళ్లకు పాలు, పెరుగే దిక్కు. ఆకుకూరల్లో బి12 ఉండదు. ఇంట్లో అందరికీ వడ్డించాక గిన్నె అడుగున మిగిలిన నీళ్ల మజ్జిగే మన వంతైతే, ఇక అదెక్కణ్నుంచి వస్తుంది?