నీళ్లలోంచి లేచిన తల్లి

ఎస్.ఆర్. నగర్ మెట్రో స్టేషన్‌లో దిగి, హాస్టళ్ల బోర్డులూ కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలూ దాటుకుంటూ వెళ్తే బల్కంపేట ఎల్లమ్మ గుడి వస్తుంది. ఇక్కడ అమ్మవారి కోసం కిందికి చూడాలి. నేలమట్టానికి దాదాపు 10 అడుగుల లోతున, బావిలో, పడుకున్న రూపంలో ఉంటుంది తల్లి. అక్కడ ఊరే నీళ్లే తీర్థం. పూర్వం ఓ రైతు బావి తవ్వుతుంటే విగ్రహం బయటపడిందనీ, పైకి తీద్దామంటే కదల్లేదనీ, అందుకే ఉన్నచోటే కొలుస్తున్నారనీ చెబుతారు. ఆషాఢంలో మొదటి మంగళవారం కల్యాణం, మర్నాడు రథోత్సవం. ఆ రెండు రోజులూ ఈ దారుల్లో కాలు పెట్టే సందుండదు.

నీళ్లలో ఉన్న ఈ తల్లిని తలచుకున్నప్పుడల్లా నాకు వేల మైళ్ల అవతలి ఇంకో తల్లి గుర్తొస్తుంది. రష్యా, మంగోలియా, చైనా, కజకిస్తాన్ సరిహద్దులు కలిసేచోట అల్తాయ్ పర్వతాలున్నాయి. అక్కడి తుర్కిక్ తెగలు చెప్పుకున్న సృష్టికథలో మొదట ఆకాశమూ లేదు, నేలా లేదు. ఎటు చూసినా నీళ్లే. ఆ నీళ్లమీద సృష్టికర్త ఉల్గెన్ ఎగురుతూ ఉంటాడు. కాలు మోపే చోటు దొరకదు. నీళ్లలోంచి ఒక రాయి లేస్తే దానిమీద కూర్చుంటాడు. సృష్టి చేయాలని ఉంది, ఎలా చేయాలో తెలియదు. అప్పుడు నీళ్లలోంచి అక్ అనా, అంటే తెల్లని తల్లి, పైకి వస్తుంది. సందేహం లేకుండా ‘అయింది’ అనుకుంటే అవుతుందని ఉపాయం చెప్పి, తిరిగి నీళ్లలోకి వెళ్లిపోతుంది. ఉల్గెన్ అలాగే అంటాడు. భూమి ఏర్పడుతుంది. అది మునిగిపోకుండా మూడు పెద్ద చేపలు మోస్తాయి.

ఈ కథను రాసిపెట్టినవాడు వెర్బిత్స్కీ అనే రష్యన్ మిషనరీ. ఆయన రాసిన అల్తాయ్ ప్రజల పుస్తకం 1893లో మాస్కోలో అచ్చయింది. అంతకుముందే 1866లో రాడ్లోవ్ అనే పండితుడు అచ్చువేసిన కథ ఇంకోలా ఉంటుంది. అందులో దేవుడూ, అతని తోడుగా ఉన్న ఒక మనిషీ నల్ల పెద్దబాతుల్లా నీళ్లమీద ఎగురుతుంటారు. అడుగున ఉన్న మట్టి తెమ్మని దేవుడు పంపితే, రెండోవాడు కొంత ఇచ్చి, తనకంటూ ఒక లోకం చేసుకుందామని కొంత నోట్లో దాచుకుంటాడు. దేవుడు భూమిని పెరగమనగానే నోట్లోని మట్టీ పెరుగుతుంది. ఊపిరాడక ఉమ్మేస్తాడు. ఆ ఉమ్మిన మట్టే నేలమీది చిత్తడి నేలలూ దిబ్బలూ. వాడే తర్వాత పాతాళాధిపతి ఎర్లిక్ అవుతాడు.

ఇదే వరసలో కుక్క కథ ఒకటుంది. ఉల్గెన్ మనుషుల బొమ్మలు చేసి, ప్రాణం తేవడానికి పోతూ కుక్కను కాపలా పెడతాడు. అప్పటికి కుక్కకు బొచ్చు లేదు. చలికి వణుకుతున్న ఆ జీవానికి ఎర్లిక్ బొచ్చు ఆశపెట్టి, బొమ్మల దగ్గరికి చేరుకుంటాడు. గడ్డకట్టే చలిలో బతికినవాళ్లు తప్ప ఇంకెవరూ అల్లలేని కథ ఇది. నీతిశాస్త్రం ఆ కుక్కను తప్పుపట్టవచ్చు. నేను మాత్రం పట్టలేను.

తుర్కు మూలాలవాళ్లు మన గడ్డను ఏలిన మాట నిజమే. గోల్కొండలో 1518లో రాజ్యం నిలబెట్టిన సుల్తాన్ కులీ, ఖరా ఖోయున్లు తుర్కోమన్ వంశంవాడు. అయితే ఆయన షియా ముస్లిం. ఉల్గెన్ ఆయనతో రాలేదు. కాబట్టి ఆ కథ అక్కణ్నుంచి ఇక్కడికి వచ్చిందనడానికి ఆధారం లేదు. అయినా మన ఊళ్లలో పాడే సృష్టికథను దాని పక్కన పెట్టి చూడండి.

అక్కడా మొదట నీళ్లే. ఆదిశక్తి తానుగా పుడుతుంది. గుడ్లు పెడుతుంది. వాటిలోంచి బ్రహ్మ, విష్ణు, శివుడు వస్తారు. గుడ్డు పైచిప్ప ఆకాశమనీ, కిందిచిప్ప నేల అనీ చెప్పే పాఠాలున్నాయి. ఒక్కో ఊళ్లో ఒక్కో తీరు. వేదపండితుడి పుస్తకంలో సృష్టికర్త అయిన బ్రహ్మ ఇక్కడ ఒక పిల్లవాడు. ఎల్లమ్మను ఈ ఆదిశక్తితో కలిపే చెబుతారు ఆమె కథ పాడే బైండ్లవాళ్లు. వాళ్ల జమిడికకు ఒకవైపే తోలు మూత. దాని నడుమ నుంచి తీగ లాగి, వాయిద్యాన్ని చంకలో అదిమిపట్టి మీటుతారు. తీగ బిగించేకొద్దీ స్వరం మారుతుంది. కథలో తల్లి ఏడ్చినచోట అదీ ఏడుస్తుంది.

చిందు కళాకారులు ఆడే జాంబపురాణం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. మాదిగల ఆదిపురుషుడు జాంబవంతుడు భూమికంటే ఆరు నెలల ముందే పుట్టాడు. బ్రాహ్మణ పాత్ర ఎదురు నిలిచి నువ్వెవరివని అడుగుతుంది. జాంబవంతుడు వరసగా జవాబిస్తాడు: తాను ఎప్పుడు పుట్టాడో, దేవతలు ఎలా పుట్టారో, ఎవరికంటే ముందు ఎవరున్నారో. కొడుకు పరశురాముడు గొడ్డలితో తరుముతుంటే ఎల్లమ్మ దాక్కున్నది మాదిగలు తోళ్లు నానబెట్టే లందలోనే. తంగెడు చెక్క నానే లందనీళ్లు, ఊరంతా ముక్కు మూసుకుని దూరంగా నడిచే నీళ్లు, తల్లిని కాపాడాయి.

నాకు ఈ రెండు లోకాల్లోనూ కనిపించేది ఒకటే. సృష్టికర్త ఒంటరిగా సరిపోడు. అల్తాయ్‌లో అతనికి దారి చెప్పడానికి తల్లి కావాలి, మట్టి తేవడానికి ఎర్లిక్ కావాలి. మన దగ్గర సృష్టికర్తనే కనడానికి తల్లి కావాలి, ఆ తల్లికి నీడ ఇవ్వడానికి ఊరి చివరివాడు కావాలి. పుట్టుక మొత్తం ఒక్క చేతిమీదుగా జరిగిందనడం వీళ్లకు నచ్చలేదు. అంటరానితనం అనుభవించిన జాతి తన పూర్వీకుణ్ని భూమికంటే ముందు నిలబెట్టడాన్ని నేను గొప్ప వాదనగా చూస్తాను.

అల్తాయ్‌లో తోలు డప్పు వాయించి కథల్లోని లోకాల మధ్య తిరిగే ‘కామ్’ అనే పూజారులను సోవియట్ ప్రభుత్వం 1930లలో అణచివేసింది. ఆ కథల్లో చాలావాటిని నేటివాళ్లు మిషనరీల, పండితుల పుస్తకాల్లోంచి తిరిగి నేర్చుకోవాల్సి వస్తోంది. మన చిందు, బైండ్ల మేళాలు ఇంకా ఉన్నాయి. పురుష పాత్ర అయిన జాంబవంతుణ్ని ఆడి మెప్పించిన కళాకారిణి చిందు ఎల్లమ్మ 2005లో కన్నుమూసింది. జనగామ జిల్లా దేవరుప్పుల చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది.

బల్కంపేట కల్యాణం నాడు లక్షల్లో జనం వస్తారు. ఆ వారంలో ఎస్.ఆర్. నగర్‌లోనే ఒక రాత్రి జాంబపురాణం ఆడించాలి. చిందు మేళానికి పూర్తి పారితోషికం ఇచ్చి, తెల్లారేదాకా సమయమిచ్చి, కత్తిరించకుండా ఆడించాలి. పక్కన హాస్టళ్లలో ఆంధ్ర, తెలంగాణ జిల్లాలన్నిటి పిల్లలూ ఉన్నారు. వాళ్లలో తమ ఊరి పాఠం తెలిసినవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లనూ పిలిచి చెప్పించాలి, రికార్డు చేయించాలి.