పిలిచినా పలకని ప్రహ్లాదుడు!

మా ఊరి టూరింగ్ టాకీస్‌లో ఆపరేటర్ బాబాయి అంటే మా కుర్రకారుకి హీరో కంటే ఒక మెట్టు ఎక్కువే! రీలు తెగినప్పుడల్లా చివర్లు కత్తిరించి అతికించేవాడు. ఆ కత్తిరించిన ముక్కల కోసం మేం మెషిన్ గది మెట్ల దగ్గర కాపు వేసేవాళ్ళం. దొరికితే పండగే! నీళ్ళు పోసిన బల్బు, అద్దం ముక్క, గోడ మీద తాతయ్య పంచె... ఇంట్లోనే సినిమా!

ఆ ముక్కల్ని ఓ రేకు డబ్బాలో దాచుకున్నాను. ఈమధ్య అటక సర్దుతుంటే ఆ డబ్బా కనిపించింది. ఆశగా మూత తీశాను. గుప్పుమని పుల్లటి ఘాటు వాసన! ఫిల్ము ముడుచుకుపోయి పెళుసుబారింది. హీరో లేడు, హీరోయిన్ లేదు, మరకలే మిగిలాయి.

నా ముక్కలు పోతే పోయాయి. మరి అసలు సినిమాల సంగతో?

1932లో మన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది. హెచ్.ఎం. రెడ్డి గారి దర్శకత్వం. సురభి కమలాబాయి నటించారు. చరిత్ర అడిగితే గడగడా చెప్పేస్తాం. కాని చూద్దామంటే? ఆ సినిమా ఎక్కడా లేదు! ప్రహ్లాదుడు పిలిస్తే హరి స్తంభంలోంచి వచ్చాడు. మనం ఎంత పిలిచినా ఆ ప్రహ్లాదుడే రావడం లేదు!

మనకే కాదు, దేశమంతటికీ ఇదే గోడు. మొదటి హిందీ టాకీ 'ఆలం ఆరా' (1931) కూడా పోయింది.

ఎందుకు పోయాయంటారా? తొలి రోజుల ఫిల్ము నైట్రేటుతో చేసేవారు. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. తర్వాత వచ్చిన ఎసిటేటు ఫిల్ము అంటుకోదు గాని, వేడికీ తేమకూ నా డబ్బాలోలాగే పులిసి పాడవుతుంది. ఇంకో శత్రువు మనిషే! నలుపు తెలుపు ఫిల్ములో కాస్త వెండి ఉంటుంది. ఆ వెండి కోసం ఎన్ని కళాఖండాలు కరిగిపోయాయో!

ఓసారి మద్రాసులో ఒకనాటి నిర్మాత గారి అబ్బాయిని కలిశాను.

"మీ నాన్నగారి పిక్చర్ నెగెటివ్ ఉందాండీ?"

"ల్యాబ్‌లో ఉంచామండీ. అద్దె కట్టలేకపోయాం. తర్వాత ఆ ల్యాబే మూసేశారు."

"పోనీ, ప్రింటు?"

"ఇంట్లో ఒకటి ఉండేది. పాతసామాన్లవాడు తూకానికి పట్టుకెళ్ళాడు."

"ఎంత ఇచ్చాడేంటి?"

"గుర్తులేదండీ. ఆ పూట నాన్నగారు అన్నం ముట్టలేదు. అది మాత్రం గుర్తుంది."

ఇంకేం అడగను!

ఇలాంటప్పుడే ప్రభుత్వం కావాలనిపిస్తుంది. ఆడుతున్నన్నాళ్ళు సినిమాను డబ్బే కాపాడుతుంది. ఆట ఆగాక దాన్ని చల్లటి గదిలో యాభై ఏళ్ళు దాచే ఓపిక ఏ వ్యాపారికి ఉంటుంది?

కేంద్ర ప్రభుత్వం 1954లో జాతీయ చలనచిత్ర అవార్డులు మొదలుపెట్టింది. మన 'పెద్దమనుషులు' రెండో ఏడాదే రాష్ట్రపతి రజత పతకం అందుకుంది. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ పుట్టింది మాత్రం 1964లో. చూశారా... మెచ్చుకున్న పదేళ్ళకు గాని దాచుకోవాలన్న ఆలోచన రాలేదు!

ఆ ఆర్కైవ్‌కి ప్రాణం పోసినవాడు పి.కె. నాయర్. 1965లో చేరి, 1991లో డైరెక్టరుగా రిటైరయ్యేదాకా ఆయనకు ఒకటే పిచ్చి: ఎక్కడ ఫిల్ము డబ్బా ఉందంటే అక్కడికి పరిగెత్తడమే. హిట్టా ఫట్టా అని చూడలేదు, అన్నీ కావాలన్నాడు. ఆయన కూడబెట్టినవి దాదాపు 12 వేల సినిమాలు! ఫాల్కే గారి 'కాళీయ మర్దన్' (1919)లో ఆయన కూతురు మందాకిని బాలకృష్ణుడిగా వేసింది. ఆ చిన్నపిల్ల అల్లరి ఈనాటికీ మనం చూడగలుగుతున్నామంటే అది ఇలాంటి పిచ్చివాళ్ళ పుణ్యమే. నాయర్ గారు 2016లో కన్నుమూశారు.

సర్కారు చేతిలో పెడితే ఇక బెంగే లేదంటారా? అదీ కాదు. 2003 జనవరిలో పుణెలోనే నైట్రేటు ఫిల్ములు దాచిన చోట మంటలు లేచాయి. ఎన్నో అపురూప చిత్రాలు బూడిదయ్యాయి. దాచడమంటే తాళం వేయడం కాదు, కాపలా కాయడం!

తర్వాత జాతీయ చలనచిత్ర వారసత్వ మిషన్ వచ్చింది. పాత చిత్రాల మరమ్మతుకు 363 కోట్ల రూపాయలు కేటాయించినట్టు 2022 మేలో కేంద్రం ప్రకటించింది. సుమారు 2,200 సినిమాలను ఎంపిక చేశారు. అదే ఏడాది మార్చిలో ఆర్కైవ్‌ను ఎన్.ఎఫ్.డి.సి.లో కలిపారు. ఈ కలపడం మంచిదా కాదా అని సినిమావాళ్ళలో పెద్ద వాదనే నడిచింది.

ఒక సినిమాకి మరమ్మతు అంటే ఎంత పనో లెక్క చూడండి. 15 వేల అడుగుల చిత్రమనుకోండి. అడుగుకి 16 ఫ్రేములు. మొత్తం 2 లక్షల 40 వేల బొమ్మలు! గీతలు, మరకలు, చిరుగులు... ప్రతి బొమ్మనూ పట్టి చూడాల్సిందే. మనం ఇంటర్వెల్లో సోడా తాగి వచ్చేంతలో అయిపోయే పని కాదు!

ఇంకో ముచ్చట. మన దేశంలో పుస్తకం అచ్చయితే ఒక ప్రతి కలకత్తాలోని నేషనల్ లైబ్రరీకి, మరో మూడు గ్రంథాలయాలకు పంపాలని 1954లోనే చట్టం చేశారు. ఆ మూడింటిలో మద్రాసు కన్నిమెరా ఒకటి. అంటే ఓ చవకబారు డిటెక్టివ్ నవలకి కూడా దిక్కుంది. మరి సినిమాకి? ప్రతి చిత్రం ప్రింటూ ఆర్కైవ్‌కి ఇచ్చి తీరాలనే చట్టం లేదు! నన్నడిగితే, కోట్ల కేటాయింపుల కంటే ముందు రావలసింది అదే. పాడయ్యాక వైద్యం చేయించేకన్నా పుట్టినప్పుడే పేరు రాయించుకోవడం చవక కదా!

'ఇప్పుడంతా డిజిటల్ కదా, ఇక భయమేంటి?' అంటారేమో. హార్డ్ డిస్కు మాత్రం చిరంజీవా? అదీ పాడవుతుంది. దాన్ని చదివే యంత్రాలూ మారిపోతాయి. నిన్న మీరు విజిల్ వేసిన సినిమా రేపు మీ మనవడికి కనిపించాలంటే, ఈరోజు ఎవరో ఒకరు దాన్ని దాచాలి.

ఆ ఎవరో ఒకరిలో మనమూ ఉన్నాం. ఆర్కైవ్ దాచేది రీళ్ళే కాదు. వాల్‌పోస్టర్లు, స్టిల్స్, పాటల పుస్తకాలు కూడా. సినిమా పోయినా పాటల పుస్తకం మిగిలితే కథ తెలుస్తుంది, నటీనటుల పేర్లు తెలుస్తాయి. మీ అమ్మమ్మ ట్రంకు పెట్టె అడుగున అలాంటి పుస్తకం ఒకటి ఉందేమో చూడండి. ఉంటే తూకానికి వేయకండి!

నా రేకు డబ్బా ఖాళీ అయిపోయింది. కాని పారేయలేదు. అటక మీద మళ్ళీ అదే చోట పెట్టాను.