పిట్టల కోసం నడుద్దాం... జాగ్రత్తగా!

దసరా నాడు పాలపిట్ట కనిపిస్తే శుభమంటారు. పిట్టల్ని చూడటం ఆ ఒక్క రోజుతోనే ఎందుకు ఆపాలి? అక్టోబరు, నవంబరు వానలకు అనంతపురం చెరువుల్లో నీళ్లు చేరే కాలమిది. ఒక ఆదివారం పొద్దున్నే బుక్కరాయసముద్రం చెరువుకో, శింగనమల చెరువుకో కుటుంబంతో వెళ్లి రండి. ఓపిగ్గా కూర్చుంటే కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు కనిపిస్తాయి. చిలమత్తూరు మండలం వీరాపురంలో చింతచెట్లపై గూళ్లు కట్టే పెద్ద కొంగల్ని చూడాలంటే మాత్రం జనవరి దాకా ఆగాలి. వాటిని సైబీరియా కొంగలంటారు గానీ, నిజానికి అవి మన దేశపు పక్షులే.

దీనివల్ల ఆరోగ్యానికి ఏం లాభమంటారా? పక్షుల్ని చూసినా, వాటి కూతలు విన్నా మనసు తేలికపడుతుందనీ, ఆ హాయి కొన్ని గంటలపాటు నిలుస్తుందనీ లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 2022లో తేల్చారు. డిప్రెషన్‌తో బాధపడేవారిలోనూ ఈ మార్పు కనిపించింది. అలాగని వేసుకుంటున్న మందులు మానేయొద్దు. ఆరుబయట ఎక్కువసేపు గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి మొదలయ్యే ముప్పు తగ్గుతుంది. పెద్దలకు నడక ఎలాగూ మంచిదే.

బయల్దేరే ముందు ఇవి గుర్తుంచుకోండి.

* నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు వేసుకోండి. నీళ్లు, టోపీ తప్పనిసరి. షుగర్‌కు మందులు వాడేవారు టిఫిన్ చేసే వెళ్లాలి. జేబులో కాస్త చక్కెరో, గ్లూకోజో ఉంచుకోవాలి.

* పొదల్లో, రాళ్ల సందుల్లో చేతులు పెట్టొద్దు. పాము కరిస్తే గట్టిగా కట్లు కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, వెంటనే 108కి ఫోన్ చేయండి. విషానికి విరుగుడు మందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. నాటువైద్యం కోసం తిరిగే ప్రతి నిమిషమూ ప్రాణం మీదికి తెస్తుంది.

* చనిపోయిన పక్షుల్ని ముట్టుకోవద్దు.

* ఇంటికి రాగానే స్నానం చేసి, బట్టలు ఉతకండి. పొదల్లో ఉండే కంటికి ఆనని నల్లి లాంటి పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ రావచ్చు. దాదాపు వారం, పది రోజులకు జ్వరం, తలనొప్పి మొదలవుతాయి. చంకల్లోనో, గజ్జల్లోనో కాలినట్టు నల్లటి చెక్కు కనిపించవచ్చు. అది అందరిలోనూ కనిపించదు.

త్వరగా గుర్తిస్తే ఇది మామూలు మందులతోనే నయమవుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతినవచ్చు. అందుకే, తర్వాత జ్వరం వస్తే ‘ఫలానా రోజు పొదల్లో తిరిగాం’ అని డాక్టరుకు మీరే చెప్పండి. రక్తపరీక్షల కంటే ముందు మాకు దారి చూపేది ఆ ఒక్క మాటే.